రీలు కెమెరా – అవ్యక్త బింబం

కొత్త సాధనం వచ్చినప్పుడు పాత సాధనం తప్పుకోవటం లోకసహజం. ఏతం పోయి మోటారు వచ్చింది. గంటం పోయి కలం వచ్చింది; ఆ కలం కూడా ఇప్పుడు చేతినుంచి జారిపోతున్నది. పోయినదానిని తలచుకొని నిట్టూర్చేవారు ప్రతి తరంలోనూ ఉంటారు గాని, దానిని తిరిగి చేతబట్టి పని చేసేవారు అరుదు. ఈ సామాన్య నియమానికి మన కాలంలో ఒక మినహాయింపు కనబడుతున్నది. అది రీలు కెమెరా.

ఈ కెమెరా ఆయువు తీరిందని లోకం తీర్మానించి చాలాకాలమైంది. 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు ఫిల్ము అక్కరలేని కెమెరాను నిర్మించాడు. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించటానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఆ శిశువే పెరిగి పెద్దదై పుట్టిన ఇంటిని కూల్చింది. 2009లో కొడాక్ సంస్థ తన కీర్తికి మూలమైన కొడాక్రోమ్ ఫిల్ము తయారీని ఆపివేసింది. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానానికి వెళ్ళింది. మనదేశంలో 1960లో స్థాపితమై, 1967 నుంచి ‘ఇందు’ అనే పేరుతో ఫిల్మును అందించిన ఉదకమండలంలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం కూడా మూతపడింది. కథ ఇక్కడితో ముగియవలసింది. కాని ముగియలేదు. 2018లో అదే కొడాక్ పేరుతో ఎక్టాక్రోమ్ ఫిల్ము మళ్ళీ అంగడికి వచ్చింది. 2024లో పెంటాక్స్ సంస్థ ‘పెంటాక్స్ 17’ అనే కొత్త రీలు కెమెరాను విడుదల చేసింది. వీటిని కొనేవారిలో చాలామంది రీలు కాలంలో పెరిగినవారు కారు. అది తెరమరుగైన తరువాత పెరిగిన యువకులు.

ఇది సాహిత్యపత్రికలో చర్చించదగిన విషయమా అని పాఠకులకు సందేహం కలగవచ్చు. ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే ఆ సందేహం తీరుతుంది. సులభమైన మార్గం చేతికందిన తరువాత కూడా కళాకారుడు కష్టమైన మార్గాన్ని ఎందుకు కోరుకుంటాడు? వచనకవిత వచ్చి ఇన్ని దశాబ్దాలు గడిచినా పద్యం రాసేవారు ఎందుకు రాస్తున్నారు? రెండూ ఒకే ప్రశ్నకు రెండు రూపాలు. పద్యం విషయంలో మనం ఎన్నో వాదాలు చేసుకొని అలసిపోయాం. పక్కనున్న మరొక కళలో అదే ప్రశ్నను చూస్తే మనకు కొత్త వెలుగు దొరకవచ్చును.

ముందుగా మాటలను గురించి ఒక మాట. మనవారు ‘రీలు కడిగించటం’ అంటారు. ఇంగ్లీషువారి మాటకు వికసింపజేయటమనీ, విప్పటమనీ అర్థం చెప్పుకోవచ్చు. కడగటమన్నప్పుడు భావం వేరు. పాత్రను కడిగినా, ముఖం కడిగినా, ఉన్నదానిమీది మరుగును తొలగించటమే గాని లేనిదానిని పుట్టించటం కాదు. బొమ్మ ముందే ఉన్నది, కడిగితే కనబడుతుంది అని ఆ మాట తెలియకుండానే ఒక సిద్ధాంతాన్ని చెబుతున్నది. విచిత్రమేమంటే, ఈనాడు ‘రీల్’ అనే మాట చేతిఫోనులో క్షణంలో పుట్టి క్షణంలో పోయే కదిలేబొమ్మకు పేరయింది. నిరీక్షణకు గుర్తుగా ఉండిన మాట నిరీక్షణ ఎరుగని వస్తువును చేరింది.

ఇక రీలు కెమెరా ఆకర్షణకు సాధారణంగా చెప్పే కారణాలను పరిశీలిద్దాం. నాకు తోచినంతవరకు అవి మూడు.

మొదటిది గతకాలపు మమకారం. ఇది చాలదు. తాము చూడని కాలంమీద యువకులకు మమకారమెక్కడిది? పైగా ఈ ‘గతం’ ఎప్పుడూ ఒకచోట నిలిచి ఉండదు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తన తొలి కొడాక్ కెమెరాను అమ్మినప్పుడు అందులో 100 బొమ్మలకు సరిపడే చుట్ట ఉండేది. మన లెక్కలో ఒక శతకం. కొన్నవాడు బొత్తాము నొక్కటం తప్ప మరేమీ ఎరగనక్కరలేదు. శతకం పూర్తికాగానే కెమెరానే కర్మాగారానికి పంపితే వారే కడిగి, అచ్చువేసి, కొత్త చుట్ట పెట్టి తిరిగి ఇచ్చేవారు. గాజుపలకలతో శ్రమించిన ఆనాటి నిపుణులకు ఇది కళ పరువు తీసే సౌకర్యంగా కనబడింది. ఆనాటి సౌకర్యమే ఈనాటి తపస్సయింది. కనుక కేవలం పాతదనం వల్ల గౌరవం వస్తున్నదనుకుంటే, రేపు డిజిటల్ కెమెరాకూ అది వస్తుంది. ఆ గౌరవం వేరు, మనం వెతుకుతున్న కారణం వేరు.

రెండవది సత్యం. రీలు అబద్ధమాడదని చాలామంది విశ్వాసం. ఛాయాగ్రహణ చరిత్ర ఎరిగినవారెవరూ దీనిని అంగీకరించలేరు. మన పట్టణాల ఫోటో స్టూడియోలలో వెనక తెరమీద చిత్రించిన మేడలు, తోటలు, సరస్సులు ఉండేవి. అద్దె ఇంట్లో కాపురముండే గుమాస్తా ఆ తెరముందు నిలబడి రాజభవనపు మెట్లమీద ఉన్నట్లు కనబడేవాడు. నెగటివుమీద సన్నని పెన్సిలుతో మచ్చలు, ముడతలు సవరించటం ఆ వృత్తిలో ఒక ప్రత్యేక విద్య. పెళ్ళికూతుళ్ళ ఫోటోలలో ఆ విద్య ఎంత పనిచేసిందో ఆ తరంవారికి చెప్పనక్కరలేదు. వెండితెరను తీసుకుంటే, 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మాయాబజార్’లో నౌకావిహార దృశ్యాన్ని తెలుగువారు మరచిపోలేదు. ఆ వెన్నెల నిజపు వెన్నెల కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కల్పించిన వెన్నెల. అది అబద్ధమని ఎవరు బాధపడ్డారు? కనుక రీలుకు సత్యవ్రతాన్ని అంటగట్టటం తగదు. 

మూడవది రూపసౌందర్యం. ఫిల్ముమీది రేణువులు, మెత్తని వెలుగునీడలు, రంగుల విరుపు ఇందులోకి వస్తాయి. ఇవి అందమైనవే. అయితే ఈ గుణాలన్నింటినీ నేడు చేతిఫోను ఒక్క వేలితాకుడుతో అనుకరించగలదు. తీసిన బొమ్మకు గీతలు, మరకలు, వెలిసిన రంగు అద్దే ఏర్పాట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. అందమే కావలసినవారు ఇక్కడే ఆగిపోవాలి. అయినా కొందరు ఆగటం లేదు. ఖరీదయిన రీలు కొని, దానిని కడిగేవారికోసం వెతుక్కుంటున్నారు. అంటే వారికి కావలసింది ఫలితంలో లేదు, ఫలితానికి చేరే దారిలో ఉన్నది.

ఆ దారిని దగ్గరగా చూడాలి. ఫిల్ముమీద పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసిన జిలాటిన్ పూత ఉంటుంది. అందులో వెండి లవణాల స్ఫటికాలు చెదిరి ఉంటాయి. షట్టరు తెరుచుకున్న లిప్తకాలంలో వెలుగు సోకిన స్ఫటికాలలో కొద్దిపాటి వెండి పరమాణువులు విడివడి ఒకచోట చేరుతాయి. ఆ మార్పు కంటికి కనబడదు. ఆ సమయంలో ఫిల్మును బయటికి తీసి చూస్తే బొమ్మ కనబడకపోవటమే గాక, ఉన్నది కూడా నశిస్తుంది. తరువాత చీకటిగదిలో రసాయనం ఆ కొద్దిపాటి వెండిని ఆధారం చేసుకొని స్ఫటికాన్నంతటినీ వెండిగా మారుస్తుంది. కంటికందని గుర్తు కోట్ల రెట్లు పెరిగి బొమ్మ అవుతుంది. ఆపైన వెలుగు సోకని లవణాలను హైపో కరిగించి తొలగిస్తుంది. ఆ ఉపాయాన్ని 1839లో ఛాయాగ్రహణానికి అన్వయించినవాడు జాన్ హెర్షెల్. వెలుగు సోకటానికీ, బొమ్మ కనబడటానికీ నడుమ ఉన్న స్థితిని మనం అవ్యక్త బింబమని పిలుచుకోవచ్చు. ఆ స్థితి ఒక గంట ఉండవచ్చు, ఒక ఏడాది ఉండవచ్చు.

ఈ అవ్యక్తానికి ఒక చిన్న చరిత్ర కూడా ఉన్నది. ఒక జిలాటిన్‌తో చేసిన ఫిల్ము చురుకుగా ఉండటం, మరొకదానితో చేసినది మందకొడిగా ఉండటం తయారీదారులకు చాలాకాలం అంతుపట్టలేదు. 1925లో కొడాక్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ షెపర్డ్ కారణం తేల్చాడు. జిలాటిన్‌లో లేశమాత్రంగా ఉండే గంధక పదార్థాలే ఆ చురుకుదనానికి మూలం. పశువులు మేసిన ఆవజాతి మొక్కల నుంచి అవి వస్తున్నాయి. ఆవు మేసిన ఆవ, రాజాస్థానాల బొమ్మలకూ, చలనచిత్రాలకూ పదును పెట్టిందన్నమాట. కళకు భూమితో ఉండే బంధాన్ని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనబడలేదు.

తెలుగువారికి ఈ అవ్యక్త స్థితి కొత్తది కాదు. తాటాకుమీద గంటంతో రాసేటప్పుడు పడేది అక్షరం కాదు, గాటు. ఆకు రంగులో ఆ గాటు కలిసిపోయి ఉంటుంది. రాయటం ముగిశాక మసి పూసి తుడిస్తే నలుపు గాట్లలో నిలిచి అక్షరం వెలుస్తుంది. రాసే చేయి ఒకటి, చూపే మసి మరొకటి. తప్పు గీత పడితే చెరిపేందుకు వీలులేదు. అందువల్ల వాక్యం మనస్సులో కుదిరిన తరువాతనే గంటం ఆకుమీద ఆనేది. మన ప్రాచీన కావ్యాలన్నీ ఇటువంటి మరుగుదశను దాటి వచ్చినవే.

అవధానం దీనికి మరొక సాక్ష్యం. అష్టావధాని చేతిలో కాగితం ఉండదు. పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి మరొకరివైపు తిరుగుతాడు. ఆవృత్తి పూర్తయి వచ్చి రెండవ పాదం అందిస్తాడు. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతూనే ఉంటుంది. చివర ధారణలో పద్యాలన్నీ వరుసగా అప్పగిస్తాడు. పాదానికీ పాదానికీ నడుమ ఆ పద్యం ఎక్కడ ఉన్నది? కడగని రీలువలె అవధాని చిత్తంలో ఉన్నది. సభ అంతా ఊపిరి బిగబట్టేది పద్యం వినబడేటప్పుడు కంటె, వినబడకుండా ఉన్నప్పుడే. మన ఆలంకారికులు సహృదయుని చిత్తంలో వాసనారూపంగా ఉన్న భావమే విభావాదుల వల్ల వ్యక్తమై రసమవుతుందన్నారు. వ్యక్తం కావటానికి ముందున్న దశను శూన్యంగా గాక, నిండుదనంగా చూడటం మన సౌందర్యశాస్త్రపు విశిష్టత.

రీలు కెమెరా ఈ నిండుదనాన్ని అనుభవానికి తెస్తుంది. ఒకప్పుడు మనదేశంలోనే తయారై మధ్యతరగతి ఇళ్ళలో తిరిగిన ఆగ్ఫా క్లిక్–3 కెమెరాలో ఒక చుట్టకు 12 బొమ్మలు పడేవి. తరువాత వచ్చిన చిన్న రీలులో 36. పదకొండవ బొమ్మ తీసేవాడికి తొలి పది ఎలా వచ్చాయో తెలియదు. తెలియదు గనుక చూపును సరిచేసుకోవటానికి అతనికి బొమ్మ ఆధారం కాదు. ఎదుట ఉన్న వస్తువే ఆధారం. డిజిటల్ కెమెరా పట్టినవాడు మనిషిని ఒకసారి చూసి, తెరమీది బొమ్మను రెండుసార్లు చూస్తాడు. రీలు కెమెరా పట్టినవాడికి చూడటానికి ఆ మనిషి తప్ప మరేమీ లేదు. నా అభిప్రాయంలో దాని ఆకర్షణకు మూలం ఇదే. అది చూడటాన్నీ, చూసుకోవటాన్నీ వేరు చేస్తున్నది.

దీనికి ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది. డిజిటల్ కెమెరా తెరను మూసివేసి, రోజుకు 12 బొమ్మలే తీస్తానని నియమం పెట్టుకోరాదా? పెట్టుకోవచ్చు. నిజంగా పాటించగలిగినవాడికి రీలు అవసరం లేదు. ఉపవాసం ఉండదలచినవాడు కంకణం లేకుండానూ ఉండగలడు. అయినా మనిషి కంకణం కట్టుకుంటాడు. తన మనస్సు ఎంత బలహీనమో అతనికి తెలుసు. ఛందస్సు కూడా కవి తనంతట తాను కట్టుకున్న కంకణమే. యతి తప్పితే శిక్షించే అధికారి ఎవరూ లేరు. పుణ్యం కంకణంలో లేదని మరచి, దానిని కట్టుకున్నంత మాత్రాన వ్రతఫలం వచ్చిందనుకునేవారు పద్యంలోనూ ఉన్నారు, రీలు కెమెరా ప్రియులలోనూ ఉన్నారు. గణాలు సరిపోయిన ప్రతిదీ కవిత్వం కానట్లే, రీలుమీద పడిన ప్రతిదీ చిత్రం కాదు.

ఐతే నియమం నిజంగా చిత్రంలో భాగమైనప్పుడు దానిని తీసివేస్తే ఏమవుతుందో మాయాబజారే చూపింది. 2010లో ఆ చిత్రానికి రంగులద్ది విడుదల చేశారు. ప్రేక్షకులు ఆదరించారు, కొత్త తరానికి అది ఒక మేలే. కాని బార్ట్లీ ఆ వెన్నెలను నలుపు తెలుపులనే రెండక్షరాల ఛందస్సులో కట్టాడు. నీటిమీది తళుకు ఎంత తెల్లగా ఉండాలో, దాని పక్క నీడ ఎంత నల్లగా ఉండాలో ఆ లెక్కలోనే తేల్చాడు. తరువాత వచ్చి చేరిన నీలం ఆ లెక్కలో లేదు. తేటగీతిని వచనంలోకి మారిస్తే అర్థం పోదు. అర్థం నడిచిన నడక పోతుంది.

నియమానికి ఔన్నత్యం తెచ్చినవారిలో ఒకరు మన హైదరాబాదు చరిత్రలోనే ఉన్నారు. 1844లో సర్ధనాలో జన్మించి, ఇండోర్‌లో ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం అభ్యసించిన లాలా దీన్‌దయాళ్, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై ‘రాజా’ బిరుదు పొందారు. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండేది. ఘోషా స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియోను ఏర్పరచి, దాని నిర్వహణను ఒక స్త్రీకే అప్పగించారు. ఆయన 1905లో దివంగతులయ్యారు. ఆయన పనిచేసింది గాజుపలకలమీద. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క పలక. బరువైన పెట్టె, ముక్కాలిపీట, నల్లగుడ్డ. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించిన ఆయన గాజు నెగటివులు 2,857. ఆ కాలపు వ్యక్తిచిత్రాలలో కూర్చున్నవారు కెమెరాకు దొరికిపోయినట్లుండరు. కెమెరాకు తమను తాము ఇచ్చుకున్నట్లుంటారు. తొలినాటి ఛాయాచిత్రాలలో దీర్ఘమైన నిశ్చలత వల్ల మనిషి ఆ క్షణంలోకి ఒదిగి ఎదుగుతాడని 1931లో జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ గుర్తించాడు. దీన్‌దయాళ్ చిత్రాలు చూసినప్పుడు ఆ పరిశీలన ఎంత సరియైనదో తెలుస్తుంది. ఆలస్యం ఇక్కడ తీసేవాడి ఒక్కడిదే కాదు; కూర్చున్నవాడిది కూడా.

అవ్యక్తమే గొప్పదైతే, కడగటమెందుకు అని అడిగేవారుంటారు. ఈ ప్రశ్నకు జీవితంతో సమాధానం చెప్పినట్లు కనబడే వ్యక్తి వివియన్ మేయర్. 1926లో జన్మించిన ఈమె అమెరికాలోని చికాగోలో ఇళ్ళలో పిల్లలను పెంచే ఉద్యోగం చేస్తూ, వీధులలో తిరిగి లక్షకు పైగా బొమ్మలు తీశారు. ఎవరికీ చూపలేదు. 2007లో అద్దె చెల్లించని ఆమె గిడ్డంగి సామాను వేలానికి వచ్చినప్పుడు అవి లోకానికి తెలిశాయి. 2009లో ఆమె మరణించారు. ఆ సామానులో కడగని రీళ్ళు వందలకొద్దీ ఉన్నాయి. అంటే, తాను తీసిన వేలకొద్దీ బొమ్మలను ఆమె స్వయంగా ఎన్నడూ చూడలేదు. ఇటలీ తత్త్వవేత్త క్రోచె అంతరంగంలో రూపుదిద్దుకోవటమే కళ అనీ, దానిని బయటి వస్తువులోకి ఎక్కించటం తరువాతి పని అనీ అన్నాడు. ఆయన వాదాన్ని అనుసరిస్తే మేయర్ కళ షట్టరు శబ్దంతోనే పూర్తయింది. నేను అంతదూరం వెళ్ళలేను. ఆ రీళ్ళను మరొకరు కడిగి చూపకపోతే ఈనాడు మనం ఆమె పేరు తలచుకోము. చెప్పని పద్యం పద్యం కాదు. ధారణ గొప్పదే గాని, ధారణకు ప్రయోజనం అప్పగింత. అవ్యక్తానికి విలువ ఉన్నది, అది ఎప్పుడో ఒకప్పుడు వ్యక్తమవుతుందనే నమ్మకం వల్లనే.

ఇంతవరకు తీసేవాడివైపు నిలబడి మాట్లాడాను. బొమ్మలో ఉన్నవాడివైపు నిలబడితే ఈ ఆలస్యం మరొక రంగులో కనబడుతుంది. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో నివసించేవారికి దక్షిణాన ఉన్న బస్తరు ఎప్పుడూ గుర్తుకు వస్తుంది. అక్కడి రాజులు కాకతీయుల వంశంవారమని చెప్పుకున్నందువల్ల తెలుగువారికి ఆ సీమతో పాతచుట్టరికం కూడా ఉన్నది. నారాయణపూర్ దగ్గర గఢ్‌బెంగాల్ అనే ఊళ్ళో చెంద్రు అనే మురియా కుర్రవాడు పులిపిల్లతో కలిసి తిరిగేవాడు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ అతనిని ముఖ్యపాత్రగా పెట్టి బస్తరులో తీసిన చిత్రం 1957లో విడుదలయింది; 1958లో కాన్ ఉత్సవంలో ప్రదర్శితమైంది. దానికి సంగీతం పండిత రవిశంకర్‌ది. దర్శకుని భార్య ఆస్ట్రిద్ తీసిన ఛాయాచిత్రాల పుస్తకం వల్ల చెంద్రు, అతని పులి అనేక దేశాల పిల్లలకు పరిచయమయ్యారు. చెంద్రును స్వీడన్‌కు కూడా తీసుకువెళ్ళారు. తరువాత అతను తన ఊరికి తిరిగివచ్చి, పేదరికంలోనే జీవించి, 2013లో మరణించాడు.

ఆ బొమ్మలు అందమైనవి. తీసినవారి ప్రేమను శంకించవలసిన పనిలేదు. కాని ఆ రీళ్ళు కడిగింది బస్తరులో కాదు. అడవిలో పడిన వెలుగు చుట్టలలో మూగగా సముద్రాలు దాటి, దూరదేశపు చీకటిగదిలో బొమ్మ అయింది. అచ్చయిన పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. తీసేవాడికి ఆలస్యం ఒక సాధన. తీయించుకున్న ఊరికి అదే ఆలస్యం ఒక ఎడబాటు. చాలా ఊళ్ళకు ఆ ఎడబాటు ఎన్నటికీ తీరలేదు. ఈ విషయంలో డిజిటల్ కెమెరా చేసిన మేలును ఒప్పుకొనటం న్యాయం. నేడు ఒక గోండు వృద్ధురాలి బొమ్మ తీసినవాడు మరుక్షణమే దానిని ఆమెకు చూపగలడు. ఆమె నవ్వవచ్చు, ఇది వద్దు, తుడిచివేయమనవచ్చు. ఆ అధికారం గాజుపలక ఆమెకు ఇవ్వలేదు, రీలు ఇవ్వలేదు. నిరీక్షణను ప్రశంసించే విమర్శకుడు, ఎవరి నిరీక్షణ అనే ప్రశ్నను దాటవేయరాదు. రీలు కెమెరాతో ఇతరుల ముఖాలను తీసేవాడు, కడిగిన బొమ్మను తిరిగి ఆ గుమ్మానికి చేర్చేదాకా తన పని పూర్తికాలేదని తెలుసుకోవాలి.

అలా గుమ్మానికి చేరిన బొమ్మ ఎంత బలమైనదో రాయపూర్ తెలుగు కుటుంబాల చరిత్రలో చూడవచ్చు. విజయనగరం నుంచి రాయపూర్ వచ్చే రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారివెంట ఉద్యోగాలకోసం, కూలికోసం, వ్యాపారంకోసం వచ్చి స్థిరపడిన తెలుగువారికి స్వస్థలంతో బంధం ఉత్తరాల వల్ల, వాటితోపాటు వచ్చే ఫోటోల వల్ల నిలిచింది. పురిటికి వెళ్ళిన కూతురి బిడ్డ బొమ్మ, పెళ్ళిసంబంధానికి పంపిన పిల్ల బొమ్మ, తద్దినంనాడు దండ వేయటానికి పెద్దది చేయించిన తండ్రి బొమ్మ. ఇంటికి ఒకటో రెండో ఉండేవి గనుక ప్రతిదానికీ ఒక కథ ఉండేది. తీయించుకున్ననాడు ఎవరు ఏ చీర అరువు తెచ్చుకున్నదీ, స్టూడియోకు ఎంత దూరం నడిచి వెళ్ళిందీ ముసలివారు నేటికీ చెబుతారు. వేలకొద్దీ బొమ్మలున్న ఫోనుకు ఈ కథలు లేవు. లోపం ఫోనుది కాదు. కథ పుట్టటానికి కొంత ఎడం కావాలి.

ఇక ఈ ఊళ్ళో రీలు కడగటం సుఖమైన పని కాదు. వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కడిగే రసాయనాలకు ప్రమాణమైన వేడి 20 డిగ్రీలు. కుళాయి నీరే వేడిగా వచ్చే నెలలలో పళ్ళెంలో మంచుగడ్డలు పేర్చుకొని, ఉష్ణమాపకాన్ని చూసుకుంటూ చీకటిలో నిలబడాలి. నిమిషం ఎక్కువైతే బొమ్మ నల్లబడుతుంది, తక్కువైతే వెలవెలబోతుంది. ఇంత ప్రయాసపడేవారిని చూసి నవ్వటం తేలిక. కాని సీసం బరువు మోసినవాడే అచ్చుపుస్తకంలో అక్షరం విలువ ఎరుగుతాడని పాత ముద్రాపకులు అనేవారు. ఆ ఎరుకకోసమే ఈ ప్రయాస.

ఈ నగరంలోనే జీవించి, 2025 డిసెంబరులో దివంగతులైన హిందీ రచయిత వినోద్‌కుమార్ శుక్ల ఇక్కడ స్మరణీయులు. గోడలో ఒక కిటికీ ఉండేదని అర్థమిచ్చే పేరుగల ఆయన నవలకు 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. అందులో ఒక చిన్న ఉద్యోగి దంపతులకు ఉన్నది ఒకే గది. ఆ గదికున్న కిటికీ దాటితే చెరువు, చెట్లు, కాలిబాట ఉన్న మరొక లోకం. గది పెద్దదైతే ఆ కిటికీ అవసరం ఉండేది కాదు. కెమెరా కన్నం కూడా అటువంటి కిటికీయే. దాని ఇరుకు వల్లనే అవతలి లోకానికి వైశాల్యం వస్తున్నది. ఇరుకును కోరుకొనటం వేరు, ఇరుకులోనుంచి చూడటం నేర్వటం వేరు. శుక్లగారు నేర్పింది రెండవది.

రచయితలకు దీనిలో ఉన్న పాఠం చెప్పి ముగిస్తాను. రాసిన క్షణంలోనే పదిమందికి చూపే సౌకర్యం ఇప్పుడు మనందరికీ ఉన్నది. వాక్యం పూర్తికాకముందే మెప్పు వస్తున్నది, తెగడ్త వస్తున్నది. రెండవ వాక్యం వస్తువును చూసి గాక, మొదటి వాక్యానికి వచ్చిన స్పందనను చూసి పుడుతున్నది. తీసిన బొమ్మను మాటిమాటికీ చూసుకునే ఛాయాగ్రాహకుని స్థితికి, మన స్థితికి భేదం లేదు. అనువాదకుడిగా నేను గమనించినది ఒకటి ఉన్నది. మూలవాక్యం చదివిన వెంటనే తట్టిన తెలుగు చాలాసార్లు నా అలవాటు భాష. కొన్నాళ్ళు పక్కనుంచి చూసినప్పుడు తేలివచ్చేది మూలరచయిత గొంతు. ఆ నడిమి రోజులలో పని ఆగినట్లు పైకి కనబడుతుంది గాని, లోపల అది సాగుతూనే ఉంటుంది.

కనుక పాత కెమెరాలు కొనుక్కొనమని నేను ఎవరికీ చెప్పటం లేదు. గంటం, తాటాకు తిరిగి తెచ్చుకుందామనీ అనటం లేదు. రీలు కెమెరాను ఇంకా ప్రేమిస్తున్న యువకులు వెర్రివారు కారని మాత్రం చెప్పదలచాను. వారు వెతుకుతున్నది పాత యంత్రాన్ని కాదు. తీయటానికీ చూపటానికీ నడుమ ఒకప్పుడు సహజంగా ఉండి, ఇప్పుడు ఎవరికివారు కల్పించుకోవలసి వస్తున్న వ్యవధిని. ఆ వ్యవధిలో మనిషి తన పనికి తాను మొదటి సాక్షి అవుతాడు. ఇతరుల సాక్ష్యం తరువాత వస్తుంది. ఏ కళకైనా ఈ క్రమం తారుమారు కావటం క్షేమం కాదని నా అభిప్రాయం. దీనిని పాటించటానికి ఎవరికి ఏ కంకణం కావాలో వారే నిర్ణయించుకోవలసి ఉంటుంది.